కొరియా కారం – ఢిల్లీ మమకారం

రాజధాని నగరంలో ఏ కిరాణా దుకాణానికి వెళ్ళినా ఇప్పుడు ఒక కొత్త దృశ్యం కనిపిస్తున్నది. నాలుగు దశాబ్దాలపాటు పసుపుపచ్చని నూడుల్స్ పొట్లం ఏకచ్ఛత్రాధిపత్యం వహించిన అరలో నల్లని, గులాబిరంగు పొట్లాలు బారులు తీరి నిలిచి ఉన్నాయి. వాటిమీద కొరియా లిపి, నోట నిప్పులు కక్కే కోడిపుంజు బొమ్మ. కరోల్‌బాగ్ గృహిణి మొదలు విశ్వవిద్యాలయ వసతి గృహంలోని విద్యార్థి వరకు వాటినే అడుగుతున్నారు. కొనుగోలు చేసి ఇంటికి తీసుకుపోయి, పాలు, వెన్న, ఛీజ్ కలిపి, చిక్కని ఎర్రటి పాయసంలా వండుకుంటున్నారు.

పార్లమెంటు వ్యవహారాలు నివేదించవలసిన చోట వంటింటి ప్రస్తావన ఏమిటని పాఠకులు ఆక్షేపించవచ్చు. అయితే ఈ దేశంలో వంటింటికి, శాసనసభకు మధ్య గోడ ఎన్నడూ గట్టిగా నిలిచింది లేదు. 1998లో ఉల్లిపాయల ధర ఢిల్లీ శాసనసభ ఎన్నికల ఫలితాన్ని తారుమారు చేసిన సంగతి అందరికీ విదితమే. ఈ నూడుల్స్ కథలో ధర ప్రధానం కాదు. ఇందులో ఉన్నది పౌరసత్వానికి సంబంధించిన ప్రశ్న. అక్కడికి చేరడానికి ముందు వంట సంగతి చెప్పుకోవడం న్యాయం.

వంట కష్టమైనది కాదు. పది నిమిషాల పని. నూడుల్స్‌ను మరిగే నీళ్ళలో వేసి, ఇంకా కాస్త పలుకుగా ఉండగానే వార్చి, ఆ గంజినీటిని అరగ్లాసు పక్కన పెట్టుకోవాలి. మూకుడులో ఒక చెంచా వెన్న కరిగించి, నాలుగు వెల్లుల్లి రేకలు తరిగి వేసి, అవి మాడకముందే ఒక చెంచా గోచుజాంగ్ వేయాలి. ఎండుమిర్చి పొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా గింజల పిండి, మొలకెత్తించిన బార్లీ, ఉప్పు కలిపి మాగబెట్టిన కొరియా కారపు ముద్దనే గోచుజాంగ్ అంటారు. దానికి తోడు అరచెంచా పంచదార, నాలుగు చుక్కల సోయా సాస్. తరువాత మంట బాగా తగ్గించి ఒక టీగ్లాసు పాలు పోయాలి. మంట పెద్దదైతే పాలు విరుగుతాయి. ఒక ఛీజ్ ముక్క వేసి కరిగేదాకా కలిపి, నూడుల్స్ వేసి, చిక్కబడితే గంజినీటితో సరిచేసుకోవాలి. పైన ఉల్లికాడలు, ఉడికిన గుడ్డు. గోచుజాంగ్ దొరకని ఊళ్ళో మన కొరివికారం అరచెంచాతో పని నడుస్తుంది. చింతపండు పులుపు ఉంటుంది కనుక పాలు పోసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పొట్లంలో వచ్చే మసాలా పొడి మొత్తం గుమ్మరించవద్దు. పెద్దవారికి రోజు మొత్తంమీద 2,000 మిల్లీగ్రాముల సోడియం మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, అనేక కొరియా రకాల పొట్లం ఒక్కటే 1,500 దాటుతున్నది.

కారంలో పాలు పోయడమేమిటని మన పెద్దలు నొసలు చిట్లించవచ్చు. మిరపకాయలోని మంట పుట్టించే పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని మాంసకృత్తు దానిని పట్టుకుని నాలుకమీదినుంచి తొలగిస్తుంది. ఈ రసాయన శాస్త్రం తెలుగువాడికి కొత్త కాదు. కందిపొడిలో నెయ్యి, ఆవకాయకు ముద్దపప్పు, చివర పెరుగన్నం – ఇవన్నీ ఆ సూత్రానికే మన భాష్యాలు. అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ భోజనశాల ముందు వరుసలో నిలబడే ఉత్తరాది వారు ఆ పొడిని నెయ్యి లేకుండా నోట పెట్టి కళ్ళనీళ్ళ పర్యంతమైన దృశ్యాలు ఈ విలేఖరి ఎన్నో చూశాడు. మిరప ఇటు గుంటూరుకైనా, అటు కొరియాకైనా సొంత మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చి, రెండు చోట్లా ఇంటిబిడ్డలా స్థిరపడింది.

ఆశ్చర్యం కలిగించవలసింది పాలు, ఛీజ్ సంగతే. కొరియా సంప్రదాయ వంటలో పాడికి చోటు లేదన్నా అతిశయోక్తి కాదు. అటువంటి దేశపు వంటకంలో ఛీజ్ ఎలా చేరింది? 1950 నుంచి 1953 దాకా జరిగిన యుద్ధం ఆ దేశాన్ని నేలమట్టం చేసింది. అమెరికా సైనిక శిబిరాల నుంచి బయటపడిన డబ్బా మాంసం, సాసేజీలు, చిక్కుడు గింజలు తెచ్చి, వాటికి తమ కారం, తమ కిమ్చీ జోడించి జనం పులుసు కాచుకున్నారు. దానికి పేరే ‘సైనిక శిబిరం పులుసు’ – బుదే జిగే. సియోల్‌కు ఉత్తరాన ఉన్న ఉయిజాంగ్బు పట్టణం నేటికీ దానికి ప్రసిద్ధి. కాలక్రమాన ఆ పులుసులో నూడుల్స్, పైన ఛీజ్ ముక్క చేరాయి. మరొకవైపు ఇమ్‌సిల్ అనే పేద ప్రాంతంలో బెల్జియం నుంచి వచ్చిన ఒక క్రైస్తవ గురువు 1960 దశకంలో రైతుల దారిద్ర్యం తీర్చాలని మేకపాలతో ఛీజ్ తయారీ ప్రారంభించాడు. ఈనాడు మన పిల్లలు విలాసంగా భావించే ఆ మీగడ రుచి వెనుక శిబిరాల ఎంగిలి, కొండ రైతుల ఆకలి ఉన్నాయి.

ఆ యుద్ధంలో భారతదేశం తుపాకి పట్టలేదు. మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ దళం క్షతగాత్రులకు చికిత్స చేసింది. యుద్ధఖైదీల సమస్యను పరిష్కరించిన తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించారు. కొరియాలో మనకు ఆనాడు లభించిన గౌరవం గురించి తెలిసినవారు ఈ తరంలో తక్కువ. పొట్లంమీది కోడిపుంజు తెలిసినవారు ఎక్కువ.

అసలు నూడుల్స్ కథ కూడా కరువు కథే. నూనెలో వేయించి ఎండబెట్టిన నూడుల్స్‌ను జపాన్‌లో మొమొఫుకు ఆండో 1958లో తయారు చేశాడు. కొరియాకు ఆ విద్య 1963లో వచ్చింది. సామ్యాంగ్ అనే కంపెనీ జపాన్‌లోని మ్యోజో సంస్థ నుంచి యంత్రాలు, పద్ధతి తెచ్చుకుని, పొట్లం పది వన్‌లకు అమ్మింది. సియోల్‌లోని నామ్‌దేమున్ అంగడిలో శిబిరాల ఎంగిలితో కాచిన గంజికోసం జనం బారులు తీరడం చూసి, ఆ కంపెనీ స్థాపకుడు ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. బియ్యం కొరత తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం ప్రజలను గోధుమ వైపు మళ్ళించడానికి కంకణం కట్టుకున్నది. హోటళ్ళలో కొన్ని రోజులు అన్నం అమ్మరాదని నిషేధించారు. బడి పిల్లల భోజనపు డబ్బాలు తెరిపించి, అన్నంలో బార్లీ కలిసిందో లేదో ఉపాధ్యాయులు పరీక్షించేవారు. గోధుమ ఎక్కడిది? అమెరికాది. పి.ఎల్. 480 అనే చట్టం కింద వచ్చింది.

ఆ పేరు వినగానే మన పాత తరం పాఠకులకు మరొక చిత్రం కళ్ళముందు మెదులుతుంది. అదే చట్టం కింద అవే ఓడలు మన రేవులకూ వచ్చాయి. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానవలసిందని దేశాన్ని కోరారు. 1966లో కోటి టన్నుల మేరకు ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఒక్కొక్క ఓడను జాన్సన్ ప్రభుత్వం బిగబట్టి బిగబట్టి వదిలింది. ఇరుదేశాలను ఆ అవమానం నుంచి తప్పించింది పొట్టి వంగడాలే. 1977 నాటికి కొరియాకు బియ్యంలో స్వయంసమృద్ధి తెచ్చిపెట్టిన ‘తోంగిల్’ వంగడానికి జన్మనిచ్చిన వాటిలో ఐ.ఆర్. 8 ఒకటి. ఆ ఐ.ఆర్. 8నే 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో పండించి దేశమంతటికీ చూపినవారు నెక్కంటి సుబ్బారావు. పొలంలో మనకూ వారికీ ఇంతటి చుట్టరికం ఉన్నది.

బియ్యం వచ్చిన తరువాత కూడా కొరియన్లు నూడుల్స్ వదలలేదు. వాటికి తమ కారం పట్టించి తమవిగా చేసుకున్నారు. 1986లో షిన్ రామ్యన్ వచ్చింది. 2012లో, మొదట పేరు చెప్పుకున్న కంపెనీయే, బుల్దాక్ అనే నిప్పుల కారపు రకాన్ని విడుదల చేసింది. 2024లో డెన్మార్క్ ప్రభుత్వం అందులో మూడు రకాలను మరీ కారమని అంగళ్ళ నుంచి వెనక్కు పిలిపించి, ఆ తరువాత రెండింటిపై ఉత్తర్వు ఉపసంహరించుకున్నది. గుంటూరువాసులకు ఈ వార్త నవ్వు తెప్పించి ఉంటుంది.

ఇక ఢిల్లీ ప్రవేశం. 2020లో కరోనా దిగ్బంధం నాటి నుంచి కొరియా ధారావాహికలు ఇంటింటా తెరకెక్కడం వల్లనే ఈ రుచి వచ్చిందని వ్యాపార పత్రికలు రాస్తాయి. అది సగం నిజం మాత్రమే. ఆ తెరలకు చాలా ముందే కొరియా మన దేశ సరిహద్దు దాటి వచ్చింది. వచ్చిన ద్వారం ముంబాయి కాదు; ఇంఫాల్.

2000 సంవత్సరంలో మణిపూర్‌లోని రెవల్యూషనరీ పీపుల్స్ ఫ్రంట్ అనే సాయుధ సంస్థ హిందీ చలనచిత్రాలపై నిషేధం విధించింది. ప్రదర్శనశాలలు బోసిపోయాయి. ఆ ఖాళీని ఉపగ్రహం ద్వారా వచ్చే అరిరాంగ్ అనే కొరియా టెలివిజన్ కార్యక్రమాలు నింపాయి. ముఖకవళికలు, పెద్దలముందు వంగే మర్యాద, అన్నంతో పులియబెట్టిన కూరలు – అన్నీ తమవారివలె కనిపించాయి. మణిపూర్, నాగాలాండ్, మిజోరం యువతరం కొరియా పాట, దుస్తు, తిండి నేర్చుకున్నది. ఆ యువతరమే చదువుకు, ఉద్యోగానికి ఢిల్లీ వచ్చినప్పుడు తన వెంట ఆ రుచిని తెచ్చింది. సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ పక్కన ఒకనాటి జాట్ రైతుల పల్లె అయిన హుమాయూన్‌పూర్‌లో ఈశాన్యవాసుల భోజనశాలలు, చిన్న దుకాణాలు వెలసినాయి. యమునా తీరాన 1960 దశకం నుంచి టిబెటన్ శరణార్థులు నివసిస్తున్న మజ్నూ కా టిల్లాలో కొరియా వంటశాలలు తెరిచారు. దక్షిణ ఢిల్లీ సంపన్న గృహాల పిల్లలు తొలిసారి గోచుజాంగ్ రుచి చూసింది ఈ ఇరుకు సందులలోనే.

రుచి నేర్పినవారిని ఈ నగరం ఎలా చూసింది?

2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థులకోసం ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. భద్రతా సూచనలని దానికి పేరు. దుస్తుల విషయంలో జాగ్రత్త వహించవలసిందని, అఖుని, వెదురు మొలకలు వంటి వాసన వచ్చే వంటకాలు ఇరుగుపొరుగులకు ఇబ్బంది కలగకుండా వండుకోవలసిందని అందులో హితవు చెప్పారు. రాసిన అధికారి స్వయంగా అరుణాచల్ వాసి. బహుశా తన పిల్లలను కాపాడుకోవాలన్న సదుద్దేశమే ఆయనది కావచ్చు. కానీ ప్రభుత్వ ముద్రతో వెలువడిన ఆ సలహా అంతరార్థం ఒక్కటే: రాజధానిలో ఉండదలిస్తే మీ ఇంటి వాసన బయటికి రానీయకండి. ఇటువంటి సలహా పంజాబీ వెల్లుల్లి తాలింపుకు ఎవరూ ఇవ్వలేదు. వంటవాసన మిషతో ఇల్లు ఖాళీ చేయించిన ఉదంతాలు ఈ నగరంలో కోకొల్లలు. ఒకప్పుడు ఈ విలేఖరి ఉన్న వీధిలోనే ఇద్దరు నాగా నర్సులను ఇంటి యజమాని నెలగడువు కూడా ఇవ్వకుండా పంపివేశాడు.

ఇంతకూ ఆ అఖుని ఏమిటి? సుమీ నాగాలు సోయా గింజలను ఉడికించి, ఆకులలో చుట్టి, పొయ్యి పక్కన పులియబెట్టి చేసే ముద్ద. మణిపూర్‌లో దానికి దగ్గరి బంధువు హవాయ్‌జార్. కొరియావారి గోచుజాంగ్‌లో పడే సోయా ముద్దను కూడా గింజలు ఉడికించి పులియబెట్టే తయారు చేస్తారు. సోయాను పులియబెట్టే సూక్ష్మజీవి రెండు చోట్లా ఒకే జాతిది – బాసిల్లస్ సబ్టిలిస్. శాస్త్ర దృష్టిలో అవి అన్నదమ్ముల బిడ్డలు. విమానంలో వచ్చి గాజుసీసాలో కూర్చున్నదానికి ఢిల్లీ వందల రూపాయలు చెల్లించి స్వాగతం పలుకుతున్నది. నాగాలాండ్ నుంచి రైలులో వచ్చినదానికి గది ఖాళీ చేయమని తాఖీదు ఇస్తున్నది. ముక్కు మోసపోయిందనలేము. విదేశీ వాసన, స్వదేశీ వాసన అని ముక్కు విచక్షణ చేయదు. ఆ విచక్షణ మనిషిది.

వాసనతో ఆగితే బాగుండేది. 2014 జనవరిలో లాజ్‌పత్‌నగర్ అంగడిలో అరుణాచల్ శాసనసభ్యుని కుమారుడైన విద్యార్థి తన జుట్టును ఎగతాళి చేసినవారితో వాదులాటకు దిగి, దెబ్బలు తిని మరణించాడు. దేశం కదిలింది. ఫిబ్రవరిలో కేంద్రం ఎం.పి. బెజ్‌బరువా అధ్యక్షతన కమిటీ నియమించింది; జూలైలో నివేదిక అందింది. జాతిపరమైన దూషణలను శిక్షించే ప్రత్యేక నిబంధన శిక్షాస్మృతిలో చేర్చవలసిందన్నది దాని కీలక సిఫార్సు. హోంశాఖ 153–సి, 509–ఎ అనే కొత్త సెక్షన్ల ముసాయిదా ఆలోచించింది. రాష్ట్రాల అభిప్రాయం కోరామన్నారు. సంవత్సరాలు గడిచాయి. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ అంశంపై పర్యవేక్షక కమిటీ ఏర్పాటు చేయవలసిందని ఆదేశించింది. 2020 మార్చిలో కరోనా పేరుపెట్టి ఈశాన్యవాసులను వేధించడం మొదలైనప్పుడు, హోంశాఖ రాష్ట్రాలకు మరొక సలహా ఉత్తరం రాసింది. మన ప్రభుత్వాలకు సలహా ఉత్తరమంటే ఎనలేని ప్రీతి. దానికి తపాలా ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.

పాత శిక్షాస్మృతిని మొత్తంగా తిరగరాసే అరుదైన అవకాశం 2023 డిసెంబరులో పార్లమెంటుకు వచ్చింది. భారతీయ న్యాయ సంహితలో ఆ రెండు సెక్షన్లకు చోటు దొరకడానికి అంతకంటె మంచి ముహూర్తం లేదు. జాతి కారణంగా గుంపుగా చేసే హత్యకు కొత్త శిక్ష పెట్టారు, సంతోషమే. వీధిలో, బస్సులో, అద్దె ఇంటి గుమ్మంలో నిత్యం వినిపించే దూషణకు బెజ్‌బరువా కమిటీ కోరిన ప్రత్యేక నిబంధన మాత్రం అందులో కనిపించదు. ఈ లోపాన్ని ఎత్తిచూపవలసిన ప్రతిపక్షపు బెంచీలు ఆ రోజుల్లో చాలావరకు ఖాళీ. ఉభయ సభలలో కలిపి 146 మంది సస్పెండయిన సమావేశాలవి. బిల్లు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో గట్టెక్కింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్నది.

సెక్షన్ చేర్చినంతమాత్రాన మనసులు మారతాయా అని కొందరు మేధావులు పెదవి విరుస్తారు. అంటరానితనం నేరమని రాజ్యాంగంలో రాసిననాడు కూడా ఇదే ప్రశ్న వేసినవారున్నారు. శాసనం మనసును మార్చలేకపోవచ్చు. నోటిని అదుపులో పెట్టగలదు. ఠాణాలో ఫిర్యాదు రాసుకోవడానికి నిరాకరించే అధికారికి ఏ సెక్షన్ కింద రాయాలో చూపగలదు. బాధితుడికి అక్కర వచ్చేది అదే.

మనం దక్షిణాదివారం, ఈ పాపంలో మనకు భాగం లేదనుకోవడానికి వీలులేదు. 2012 ఆగస్టులో వదంతులకు భయపడి వేలాది ఈశాన్యవాసులు బెంగుళూరు నుంచి గౌహతి రైళ్ళెక్కిన దృశ్యం దక్షిణాన జరిగిందే. ఈ నగరంలో మనమూ ఒకనాడు ‘మద్రాసీలం’. ఎండుచేపలు వేపినందుకు పైఅంతస్తు నుంచి తిట్లు తిన్న తెలుగు గుమాస్తాలు ఎందరో ఉన్నారు. వారి పిల్లలే హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఏమి వండుతారని, ఏమిట్లని అడుగుతున్నారు. అదే తెలుగునేలపై, 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన పెనుకొండ ప్రాంతంలో, కొరియా ఉద్యోగుల కోసం కొరియా భోజనశాలలు వచ్చాయి. దారిపక్కన కొరియా లిపిలో బోర్డులు వెలిశాయి. ఆ వంటల వాసన గురించి అనంతపురంవాసులెవరూ ఫిర్యాదు చేసినట్లు వినలేదు. పెట్టుబడికి వాసన ఉండదు కాబోలు.

నూడుల్స్ తినవద్దని ఎవరూ అనరు. వండుకునే తీరు పైన చెప్పనే చెప్పాను. ప్రపంచ నూడుల్స్ సంఘం లెక్కల ప్రకారం 2023లో మనదేశం 860 కోట్ల పైచిలుకు పొట్లాలు ఆరగించి, చైనా, ఇండోనేషియాల తరువాత మూడవ స్థానంలో నిలిచింది. ఇంతటి అభిరుచి గల దేశంలో ‘చౌమీన్’, ‘మోమో’ అనే మాటలు సాటి పౌరుణ్ణి తిట్టడానికి వాడుకలో ఉండడం వింత.

ఇందులో పార్లమెంటు సభ్యుల పాత్ర ఎంత? సిక్కింతో కలిపి ఎనిమిది ఈశాన్య రాష్ట్రాలకు లోక్‌సభలో ఉన్న స్థానాలు 25. ఆంధ్రప్రదేశ్ ఒక్కదానికే 25 ఉన్నాయి. తెలంగాణ 17 కలిస్తే 42. న్యాయ సంహితకు చిన్న సవరణ కోరుతూ ప్రైవేటు సభ్యుని బిల్లు పెట్టడానికి ఏ పార్టీ అనుమతీ అక్కరలేదు. అటువంటి బిల్లులు చర్చకు వచ్చేది శుక్రవారం మధ్యాహ్నం. ఆ వేళకు మన సభ్యులలో అధిక సంఖ్యాకులు హైదరాబాదు, విశాఖ, విజయవాడ విమానాలకోసం పాలం దారి పట్టి ఉంటారు.